లెక్కలో లేని చదువు

ఇంటి దగ్గరే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లిదండ్రులకు మన చట్టం అవునని చెప్పదు, కాదనీ చెప్పదు. ఆ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నది పిల్లలే

ఉదయం తొమ్మిది దాటాక బడిలో లేని పిల్లలు రెండు రకాల చోట్ల కనిపిస్తారు. హైదరాబాద్, బెంగళూరు, పుణె లాంటి నగరాల్లోని మధ్యతరగతి అపార్ట్‌మెంట్లు మొదటి చోటు. అక్కడ తల్లి పక్కన కూర్చుని భిన్నాలు నేర్చుకునే పిల్ల, టేబుల్ మీద కంప్యూటర్ భాగాలు విప్పి పరిచిన పిల్లవాడు ఉంటారు. బడి వద్దనుకుని ఇంటినే బడిగా మార్చుకున్న కుటుంబాలు అవి. రెండో చోటు గద్వాల, కర్నూలు ప్రాంతాల పత్తి విత్తన చేలు. పూమొగ్గలు విప్పి చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి ఆడపిల్లల చిన్న వేళ్లే అనువైనవని దశాబ్దాలుగా అక్కడ ఒక నమ్మకం పాతుకుపోయింది. పిల్లల కూలి తక్కువ కావడం అసలు కారణం.

మొదటి పిల్ల చదువుకుంటోంది. రెండో పిల్ల చదువుకు దూరమైంది. ఈ తేడా చూసినవారికి తెలుస్తుంది. కానీ ప్రభుత్వ రికార్డుల్లో ఇద్దరూ ఒకటే: ఏ బడి హాజరుపట్టీలోనూ పేరు లేని పిల్లలు. ఇంటి చదువు మీద మన దేశంలో జరుగుతున్న చర్చ తల్లిదండ్రుల స్వేచ్ఛ చుట్టూ, సర్టిఫికెట్ల చుట్టూ తిరుగుతోంది. అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక బిడ్డ బడి బయట ఉంటే, ఆ బిడ్డ క్షేమంగా ఉందని, చదువుకుంటోందని కుటుంబం బయట ఎవరికైనా తెలియాలా, వద్దా?

విధి ఉంది, శిక్ష లేదు

చదువు పిల్లల హక్కు అన్న మాట కోర్టుల నుంచే మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో, 14 ఏళ్లు నిండేవరకు ఉచిత విద్య ప్రతి బిడ్డకూ ప్రాథమిక హక్కేనని తేల్చింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ దాన్ని 21ఎ అధికరణగా రాజ్యాంగంలో చేర్చింది. ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అని కూడా అదే సవరణ చెప్పింది. ఆ తర్వాత వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

ఇక్కడ ఒక చిక్కుంది. రాజ్యాంగం ‘చదువుకునే అవకాశం’ అంది. విద్యాహక్కు చట్టంలోని పదో సెక్షన్ మాత్రం పిల్లలను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. బడి అంటే ఏమిటో కూడా చట్టం నిర్వచించింది. ప్రభుత్వ, ఎయిడెడ్, ప్రైవేటు బడులు, కేంద్రీయ విద్యాలయాల వంటి ప్రత్యేక తరగతి బడులు ఆ నిర్వచనంలో ఉన్నాయి. ఇల్లు లేదు. ఆ మేరకు చూస్తే ఇంటి చదువు చట్టానికి ఎడంగానే ఉంది. కానీ పదో సెక్షన్‌ను పాటించని తల్లిదండ్రులకు శిక్ష ఏమిటో చట్టంలో ఎక్కడా లేదు. ఆ మేరకు చూస్తే ఇంటి చదువు నేరం కాదు.

గుర్తింపు లేకుండా బడి నడిపేవారికి మాత్రం 18వ సెక్షన్ కింద రూ. లక్ష దాకా జరిమానా ఉంది. అప్పటికీ మానకపోతే రోజుకు రూ. 10 వేల దాకా వేయవచ్చు. కన్నబిడ్డకు ఇంట్లో పాఠాలు చెప్పడం బడి నడపడం కాదన్నది సామాన్య జ్ఞానం. కానీ నాలుగు కుటుంబాలు కలిసి ఒక టీచర్‌ను పెట్టుకుని ఒకరింట్లో పిల్లలను కూర్చోబెడితే? అది ట్యూషనా, ఉమ్మడి ఇంటి చదువా, గుర్తింపు లేని బడా? దానికి గీత ఎక్కడ గీయాలో చట్టం చెప్పలేదు.

ఇంటి చదువు అన్న మాట చట్టంలోకి వచ్చింది ఒక్క సందర్భంలోనే. తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి వద్ద విద్యను ఎంచుకోవచ్చని 2012 సవరణ చెప్పింది. ఈ వెసులుబాటు కొందరికి నిజంగా అవసరమే. కానీ బడిలో ర్యాంపు కట్టాల్సిన, ప్రత్యేక టీచర్‌ను నియమించాల్సిన వ్యవస్థకు ‘ఇంట్లోనే ఉంచండి’ అనడం తేలిక మార్గం అవుతుందని వికలాంగుల హక్కుల కార్యకర్తలు అప్పుడే హెచ్చరించారు. ఎంపిక కుటుంబానిదా, బడిదా అన్నది చూసేవారు ఉంటేనే తేలుతుంది.

కోర్టులో మారిన మాట

ఈ సందిగ్ధం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. విద్యాహక్కు చట్టం తనలాంటి పిల్లలకు అడ్డంకి అవుతోందంటూ ఇంటి దగ్గర చదువుకుంటున్న ఒక బాలిక పిటిషన్ వేసింది. 2012 జూలైలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ ఇచ్చిన అఫిడవిట్ దేశంలోని ఇంటి చదువు కుటుంబాలకు ఊరటనిచ్చింది. స్వచ్ఛందంగా ఇంటి చదువును ఎంచుకున్న తల్లిదండ్రులు దాన్ని కొనసాగించుకోవచ్చని, చట్టం వారికి అడ్డు రాదని అందులో ఉంది. ఆ ఊరట ఎంతోకాలం నిలవలేదు. కేంద్రం తర్వాత ఆ మాట మీద నిలబడలేదు.

అప్పటి నుంచి కథ అక్కడే ఆగిపోయింది. 2020 జాతీయ విద్యా విధానం సార్వత్రిక విద్యను విస్తరించాలని చెప్పింది కానీ ఇంటి చదువుకు నియమావళి ఇవ్వలేదు. అదే ఏడాది కరోనా బడులు మూయించింది. పిల్లలు నెలల తరబడి ఇంటి నుంచే పాఠాలు విన్నారు. బడి లేకపోయినా నడుస్తుందన్న ఆలోచన కొన్ని ఇళ్లలో అప్పుడే మొలకెత్తింది.

ఇంటి చదువు వైపు వెళ్లేవారి కారణాలు తేలిగ్గా తీసిపారేసేవి కావు. మార్కుల ఒత్తిడి, ర్యాంకుల వేట, ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్, బడిలో తోటిపిల్లల వేధింపులు... ఇవన్నీ తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులకు బాగా తెలిసిన సంగతులే. టీచర్లు పిల్లలను కొట్టకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతున్నా బెత్తం అన్ని చోట్లా మాయం కాలేదు. ఆటల్లోనో సంగీతంలోనో రోజుకు ఆరేడు గంటలు సాధన చేసే పిల్లలకు బడి వేళలు కుదరవు. నేర్చుకోవడంలో ఇబ్బందులున్న పిల్లలు 50 మంది ఉన్న తరగతిలో తప్పిపోతారు. ‘స్వశిక్షణ్’ వంటి వేదికల ద్వారా ఈ కుటుంబాలు ఒకరికొకరు తోడుగా నిలుస్తున్నాయి. బాధ్యత గల తల్లిదండ్రులకు నియంత్రణ అన్న మాట వినగానే భయం వేయడం సహజం. తనిఖీ పేరుతో ఇంటికొచ్చే అధికారి ఎలాంటివాడో ఎవరికి తెలుసు?

‘బడి బయట ఉంటే బాల కార్మికులే’

నాణేనికి రెండో వైపు చూపించింది కూడా తెలుగు నేలే. రంగారెడ్డి జిల్లాలో 1990లలో ఎం.వి. ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు ఒక సూటి సూత్రం పెట్టుకుంది. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికురాలే లేదా బాల కార్మికుడే. పశువులు కాస్తుందా, చెల్లెల్ని ఎత్తుకుంటుందా, కూలికి వెళుతుందా అని విడగొట్టి చూడటం మొదలుపెడితే ప్రతి పనికీ ఒక సాకు దొరుకుతుందన్నది ఆ సూత్రం వెనుక ఉన్న అనుభవం. ఈ పద్ధతిలో వేలాది మంది పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరాల ద్వారా బడికి చేర్చిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి చైర్‌పర్సన్. విద్యాహక్కు చట్టం అమలును చూసే బాధ్యత కూడా ఆ కమిషన్‌దే.

ఈ సూత్రాన్ని యథాతథంగా పెడితే అపార్ట్‌మెంట్‌లో భిన్నాలు నేర్చుకునే పిల్ల కూడా బాల కార్మికురాలే అవుతుంది. అది అన్యాయం. సూత్రాన్ని సడలిస్తే పత్తి చేలో పిల్లను పెట్టినవారు ‘మా పిల్ల ఇంట్లో చదువుకుంటోంది’ అంటారు. అది ఇంకా పెద్ద అన్యాయం. ఇంటి చదువుపై ఏ నిబంధన రాసినా ఈ రెండింటి మధ్యే రాయాలి.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. బాల కార్మిక నిషేధ చట్టానికి 2016లో జరిగిన సవరణ చూస్తే తెలుస్తుంది. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని ఆ సవరణ చెప్పింది. దాంతోపాటే ఒక మినహాయింపు ఇచ్చింది. ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో, బడి వేళల తర్వాత లేదా సెలవుల్లో, పిల్లలు ఇంటివారికి సాయపడవచ్చు. బడికి వెళ్లే పిల్లకు బడి వేళలు ఉంటాయి. బడిలోనే లేని పిల్లకు బడి వేళలు ఏవి? సెలవులు ఏవి? ఇంటి చదువును ఏ నమోదూ లేకుండా ఒప్పుకుంటే ఈ మినహాయింపునకు హద్దు చెరిగిపోతుంది. బీడీలు చుట్టే ఇంట్లో, మగ్గం ఉన్న ఇంట్లో, కిరాణా కొట్టున్న ఇంట్లో పిల్ల రోజంతా ఏం చేస్తోందో చెప్పేవారు ఉండరు.

బయటి దేశాల అనుభవం

మిగతా దేశాలు ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఇవ్వలేదు. జర్మనీ ఒక కొస. అక్కడ బడికి వెళ్లడం తప్పనిసరి. డార్మ్‌స్టాట్ దగ్గర ఒక కుటుంబం నలుగురు పిల్లలను బడికి పంపకపోవడంతో 2013 ఆగస్టులో పోలీసుల సాయంతో అధికారులు పిల్లలను తీసుకెళ్లారు. మూడు వారాల తర్వాత తిరిగి అప్పగించారు. కుటుంబం యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లింది. పిల్లలు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా పెరుగుతున్నారని అధికారులు భయపడటానికి ఆధారాలున్నాయని, కుటుంబ జీవిత హక్కుకు భంగం కలగలేదని 2019 జనవరిలో కోర్టు తీర్పు చెప్పింది. స్వీడన్ 2011 నుంచి అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఇంటి చదువును ఒప్పుకోవడం లేదు.

అమెరికా మరో కొస. అక్కడ మొత్తం 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధం. టెక్సాస్ వంటి చోట్ల ప్రభుత్వానికి తెలియజేయాల్సిన అవసరం కూడా లేదు. ఎక్కువ కుటుంబాలు ఆ స్వేచ్ఛను చక్కగా వాడుకున్నాయి. కానీ 2018 జనవరిలో కాలిఫోర్నియాలోని పెరిస్ పట్టణంలో 17 ఏళ్ల అమ్మాయి కిటికీలోంచి తప్పించుకుని పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్లింట్లో 13 మంది తోబుట్టువులు. కొందరిని గొలుసులతో కట్టి ఉంచారు. ఏళ్ల తరబడి తిండి పెట్టక ఎండగట్టారు. పెద్దవాళ్లకు ఇరవై ఏళ్లు దాటినా చూసేందుకు పిల్లల్లా ఉన్నారు. తండ్రి ఆ ఇంటినే ఒక ప్రైవేటు బడిగా నమోదు చేయించాడు. కాగితం మీద బడి ఉంది. దాన్ని చూడటానికి ఎవరూ రాలేదు.

ఇంగ్లండ్ ఈ రెండు కొసల మధ్య ఉంది. పిల్లలకు ‘బడిలో గానీ మరో విధంగా గానీ’ చదువు చెప్పించడం తల్లిదండ్రుల విధి అని అక్కడి 1996 విద్యా చట్టం అంటుంది. 2024 శరదృతువు నాటికి ఇంగ్లండ్‌లో ఇంటి దగ్గర చదువుకునే పిల్లలు 1.11 లక్షలు దాటారు. 2023 ఆగస్టులో వోకింగ్ పట్టణంలో పాకిస్తాన్ మూలాలున్న కుటుంబంలో పదేళ్ల బాలిక హత్యకు గురైంది. పాప ఒంటిమీద గాయాలను గమనించింది బడి టీచర్లే. కొన్ని నెలల ముందు, ఇంట్లో చదివిస్తామంటూ పాపను బడి మాన్పించారు. తండ్రి, సవతి తల్లి హంతకులని 2024 డిసెంబరులో కోర్టు తేల్చింది. అదే నెలలో ప్రభుత్వం పార్లమెంటులో బిల్లు పెట్టింది. బడి బయట ఉన్న పిల్లలందరి పేర్లూ తప్పనిసరిగా నమోదు కావాలని, రక్షణ విచారణ జరుగుతున్న పిల్లలను బడి మాన్పించాలంటే స్థానిక అధికారుల అనుమతి ఉండాలని అందులో ప్రతిపాదించింది.

ఈ దారుణాలకు ఇంటి చదువు కారణం కాదు. బడికి వెళ్లే పిల్లలపైనా హింస జరుగుతుంది. కానీ బడికి వెళ్లే బిడ్డను రోజూ ఒక టీచర్ చూస్తుంది. నాలుగు రోజులు రాకపోతే అడుగుతుంది. మన పల్లెల్లో మధ్యాహ్న భోజనం తినే వేళ, ఆరోగ్య పరీక్ష చేసే వేళ ఎవరో ఒకరి కంట్లో బిడ్డ పడుతుంది. కుటుంబం బయట బిడ్డకు దొరికే మొదటి పెద్దమనిషి చాలాసార్లు టీచరే. బడి మాన్పించినప్పుడు చదువు పోకపోవచ్చు. ఆ కన్ను మాత్రం పోతుంది.

పిల్లను అడిగారా?

చర్చలో అందరికంటే తక్కువ వినిపించే గొంతు పిల్లలదే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో భారత్ 1992లో చేరింది. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వయసునూ పరిణతినీ బట్టి ఆ మాటకు విలువ ఇవ్వాలని దాని 12వ అధికరణ చెబుతుంది. ఇంటి చదువు తల్లిదండ్రుల హక్కా, రాజ్యం హక్కా అని వాదించుకునేవారు ఇద్దరూ ఈ అధికరణను దాటిపోతుంటారు.

దీనికి మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ గాంధీజీ ఇల్లే. దక్షిణాఫ్రికాలో ఆయన కొడుకులను మామూలు బడులకు పంపకుండా తానే చదివించాలనుకున్నారు. ఉద్యమాల మధ్య తగినంత సమయం ఇవ్వలేకపోయానని, కొడుకులకు ఆ విషయంలో తనపై ఫిర్యాదు ఉందని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. తనకు పద్ధతైన చదువు దక్కలేదన్న బాధ పెద్ద కొడుకు హరిలాల్‌ను చివరిదాకా వదల్లేదు. మరోవైపు రవీంద్రనాథ్ టాగూర్ బడి గోడల మధ్య ఇమడలేక ఇంట్లో చదివి ఎదిగారు. ఇద్దరిలో తేడా ఇంటి గొప్పతనంలో లేదు. ఒకరు బడిని వద్దనుకున్నారు. మరొకరికి బడి కావాలనిపించినా దొరకలేదు.

చివరికి కావలసింది కాగితమే

చిన్నప్పుడు కనిపించని సమస్య 15, 16 ఏళ్లకు ఎదురవుతుంది. అప్పటికి సర్టిఫికెట్ కావాలి. ఈ కుటుంబాలకు పెద్ద దిక్కు 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయి కోర్సులు అక్కడ ఉన్నాయి. 14 ఏళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయవచ్చు. తెలుగు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు కూడా పది, ఇంటర్ పరీక్షలు నిర్వహిస్తాయి. ఖర్చు భరించగలిగినవారు కేంబ్రిడ్జి బోర్డు పరీక్షలు ప్రైవేటుగా రాయిస్తారు. హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంటి దగ్గరే చదివి ఎనిమిదేళ్లకే ఆ బోర్డు పదో తరగతి పరీక్ష పాసై వార్తల్లోకి వచ్చారు.

దారి తెలియనివారికి, తెలిసి వద్దనుకున్నవారికి తలుపులు మూసుకుపోతాయి. ఇంటి దగ్గరే చదువుకున్న ముంబై అమ్మాయి అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడుసార్లు పతకాలు గెలిచింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేకపోవడంతో ఆమెకు ఐఐటీల్లో చేరే వీలు లేదు. 2016లో అమెరికాలోని ప్రఖ్యాత ఎంఐటీ ఆమెకు సీటిచ్చింది. ఈ కథను ఇంటి చదువు విజయంగా చెప్పుకుంటారు. ప్రతిభ తక్కువై, సర్టిఫికెట్ కూడా లేని వందో పిల్లవాడి సంగతి ఎవరూ చెప్పుకోరు. రక్షణ అవసరమైనది అతనికే.

తెలియజేస్తే చాలు

పరిష్కారం కోసం కొత్త చట్టమే రావాలని లేదు. విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, తమ పరిధిలోని 14 ఏళ్లలోపు పిల్లలందరి రికార్డునూ స్థానిక సంస్థలు నిర్వహించాలి. అంటే పంచాయతీలు, మున్సిపాలిటీల దగ్గర ప్రతి బిడ్డ పేరూ ఉండాలి. ఇవాళ మన దగ్గర బడి లెక్కలు ఉన్నాయి కానీ బిడ్డల లెక్క లేదు. బడిలో చేరిన పిల్లలను యూడైస్ లెక్కిస్తుంది. చేరని పిల్లలు అందులో ఉండరు. తొమ్మిదో సెక్షన్ రికార్డును నిజంగా నిర్వహించి, అందులో ‘ఇంటి చదువు’ అన్న గడి ఒకటి చేర్చితే మొదటి అడుగు పడుతుంది.

ఆ గడిలో పేరు రాయించడానికి అనుమతి అవసరం ఉండకూడదు. తెలియజేస్తే చాలు అన్న పద్ధతి ఉండాలి. ఫ్రాన్స్ 2022 దాకా దాదాపు అలాగే చేసింది. తల్లిదండ్రులు మేయర్‌కు, విద్యాధికారులకు తెలియజేసేవారు. విద్యాశాఖ ఏటా ఒకసారి పిల్లల చదువును చూసేది. 2021లో చేసిన చట్టంతో ఆ దేశం ముందస్తు అనుమతి పద్ధతికి మారింది. లైసెన్సు రాజ్యాన్ని చవిచూసిన మనకు అనుమతి కంటే నమోదే మేలు. అనుమతి అంటే ఆఫీసు చుట్టూ తిరగడం, చేయి తడపడం అని మనకు వేరే చెప్పనక్కర్లేదు.

నమోదు తర్వాత ఏడాదికోసారి బిడ్డను చూడాలి. చూసేది పోలీసు కాదు, ఇన్‌స్పెక్టరూ కాదు. దగ్గరి బడి టీచరో, పిల్లల మనస్తత్వం తెలిసిన మనిషో అయితే చాలు. ఏ పాఠం ఏ నెలలో పూర్తయిందన్నది అనవసరం. వయసుకు తగ్గట్టు చదవడం, రాయడం, లెక్క చేయడం వచ్చా, ఒంటిమీద దెబ్బలున్నాయా, తోటి పిల్లలతో కలుస్తోందా అన్నవి చూడాలి. తల్లిదండ్రులు పక్కన లేకుండా ఒక్క ప్రశ్న అడగాలి: నీకు బడికి వెళ్లాలని ఉందా? ఉందంటే తలుపు తెరిచే ఉంది. వయసుకు తగిన తరగతిలో ఏ బిడ్డనైనా చేర్చుకోవాలని, వెనుకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టం నాలుగో సెక్షన్ ఇప్పటికే చెబుతోంది.

ఈ మాత్రం చేస్తే నగరంలోని కుటుంబం దొంగచాటుగా బతకనక్కర్లేదు. పక్కింటివారి ఫిర్యాదుకో, చట్టం మీద పడుతుందేమోనన్న అనుమానానికో జడవనక్కర్లేదు. పత్తి చేలో పిల్ల విషయంలో ‘ఇంట్లో చదువుకుంటోంది’ అన్న సాకు కూడా చెల్లదు. చదువుకుంటుంటే ఆ మాట రికార్డులో ఉండాలి, ఏడాదికోసారి ఎవరో ఒకరు ఆ పిల్లను కలిసి ఉండాలి. రెండూ లేకపోతే ఆ పిల్ల కోసం గడప తొక్కాల్సిన బాధ్యత స్థానిక సంస్థది. ఇంటి చదువు కుటుంబాలు నియంత్రణను తమ మీద నమ్మకం లేకపోవడంగా చూడనక్కర్లేదు. తమ పిల్లలకు దాని అవసరం లేకపోవచ్చు. కానీ అదే చట్టం కింద బతికే మరో బిడ్డకు అది తప్ప దిక్కు లేదు.